నా పాస్‌పోర్టులో కొసావో ముద్ర

ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యే బస్టాండులో పొద్దున్నే కొసావో రాజధాని ప్రిష్టినాకు బస్సెక్కాను. వంద కిలోమీటర్లు కూడా ఉండదు. సరిహద్దు దగ్గర బస్సు ఆగగానే పోలీసు ఎక్కి అందరి గుర్తింపు కార్డులూ తీసుకున్నాడు. ఆ కట్టలో నీలం పాస్‌పోర్టు నాదొక్కటే.

అది 2022 అక్టోబర్. చెల్లుబాటులో ఉన్న మల్టిపుల్ ఎంట్రీ షెంజెన్ వీసా ఉంటే కొసావోలో పదిహేను రోజులు ఉండనిస్తారు. రూలు తెలిసినా టెన్షన్ తగ్గలేదు. సెర్బియా నుంచి విడిపోయిన కొసావోను భారత్ దేశంగా గుర్తించలేదు. ఏదైనా ఇబ్బంది వస్తే పరుగెత్తడానికి ప్రిష్టినాలో మన ఎంబసీ లేదు. కాసేపటికి పాస్‌పోర్టు తిరిగొచ్చింది. పేజీ తిప్పి ముద్ర చూసుకున్నాను. మన ప్రభుత్వం లెక్కలో లేని దేశం నన్ను లోపలికి రమ్మంది.

ప్రిష్టినాలో అమెరికా మాజీ అధ్యక్షుడు క్లింటన్ పేరుతో పెద్ద రోడ్డు, దాని మీద ఆయన విగ్రహం ఉన్నాయి. ఒక చెయ్యి పైకెత్తి ఉంటుంది, రెండో చేతిలోని కాగితాల మీద 1999 మార్చి 24 అని తేదీ. కొసావో యుద్ధంలో సెర్బియా మీద నాటో బాంబు దాడులు మొదలైన రోజది. ఫొటో తీసుకుని వచ్చేశాను. నేను ఎక్కువసేపు నిలబడింది ఇంకో చోట. 2008 ఫిబ్రవరి 17న స్వాతంత్ర్యం ప్రకటించినప్పుడు ‘న్యూబార్న్’ అని పెద్ద పెద్ద అక్షరాలు నిలబెట్టారు. దానికి ఎదురుగా ఒక స్త్రీ ముఖం ఉంది. దూరం నుంచి మామూలు శిల్పంలాగే కనిపించింది. దగ్గరికెళితే అదంతా సన్నటి పిన్నుల మీద నిలబెట్టిన చిన్న చిన్న పతకాలు, దాదాపు 20 వేలు. యుద్ధంలో అత్యాచారాలకు గురైన స్త్రీల జ్ఞాపకంగా పెట్టారు. ఒక్కో పతకం మీదా మళ్లీ స్త్రీ ముఖమే. ఆ యుద్ధంలో చనిపోయినవాళ్లు, ఆచూకీ లేకుండా పోయినవాళ్లు అన్ని వైపులా కలిపి 13 వేలకు పైనే. ‘విడిపోవడం’ అనే మాటను అప్పటిదాకా మ్యాపు మీద గీత గీసినంత తేలిగ్గా వాడేవాణ్ని. అక్కడ నిలబడ్డాక అలా వాడలేకపోయాను.

బస చేసిన గెస్ట్‌హౌస్ యజమానురాలికి అరవై ఏళ్లుంటాయి. రాత్రి కాఫీ ఇస్తూ అడిగింది.

“మీ దేశం మమ్మల్ని గుర్తించిందా?”

“లేదండీ.”

“ఎందుకని?”

నాకు తోచింది చెప్పాను. కశ్మీర్ సమస్య ఉన్న దేశం ఇలాంటి విషయాల్లో వెనకాముందూ చూసుకుంటుందని. స్పెయిన్‌కు విడిపోతామంటున్న కాటలోనియా భయం, సైప్రస్‌కు విడిగా నడుస్తున్న ఉత్తర సైప్రస్ భయం. ఆమె ఆ లిస్టు నాకన్నా వేగంగా చదివింది. “ఐరోపా యూనియన్‌లో అయిదు దేశాలు: స్పెయిన్, గ్రీస్, రుమేనియా, స్లొవేకియా, సైప్రస్.” ఐక్యరాజ్యసమితిలో చేరదామంటే భద్రతా మండలిలో రష్యా, చైనా వీటో ఎప్పుడూ తలమీద ఉంటుంది. గుర్తించిన దేశాలు వంద దాకా ఉన్నాయి. వాటిలో కొన్ని గుర్తింపును వెనక్కి తీసుకున్నాయని సెర్బియా అంటుంది, కొసావో కాదంటుంది.

దేశం అనిపించుకోవాలంటే ఏం ఉండాలో 1933 నాటి మాంటెవిడియో ఒప్పందం చెప్పింది: స్థిరమైన జనాభా, హద్దులున్న భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు నడిపే సామర్థ్యం. ఈ కొలతతో చూస్తే కొసావో చాలావరకు పాసే. స్వాతంత్ర్య ప్రకటన అంతర్జాతీయ చట్టానికి విరుద్ధం కాదని 2010లో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా చెప్పింది. కానీ కొసావో దేశమా కాదా అన్న ప్రశ్న జోలికి మాత్రం వెళ్లలేదు. నాకు అర్థమైనంతవరకు ఎవరినైనా గుర్తించేటప్పుడు ప్రతి దేశమూ చూసుకునేది తన ఇంటినే. 1971 డిసెంబర్ 6న, యుద్ధం నడుస్తుండగానే, బంగ్లాదేశ్‌ను గుర్తించింది మనమే. పాకిస్తాన్ గుర్తించింది 1974లో, ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం దొరికిందీ ఆ ఏడాదే. అప్పుడు మనకు అడ్డురాని సందేహం ఇప్పుడెందుకు వచ్చిందని ఆమె అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు మిత్రోవిత్సా వెళ్లాను. ఊరి మధ్యలో ఇబర్ నది, దాని మీద వంతెన. దక్షిణాన కొసావోలో ఎక్కువమందైన అల్బేనియన్లు, యూరోలు. వంతెన దగ్గర ఇటలీ సైనిక పోలీసుల వాహనం. నడిచి దాటితే ఉత్తరాన సెర్బులు, సెర్బియా జెండాలు, సిరిలిక్ అక్షరాలు. కాఫీకి యూరో నోటిస్తే చిల్లర సెర్బియా దీనార్లలో వచ్చింది. పక్క టేబుల్ దగ్గర కూర్చున్నాయన చాలాసేపు మాట్లాడాడు. “నేను పుట్టింది సెర్బియాలో. ఇల్లు మారలేదు, వీధి మారలేదు. దేశం మారిందని చెబుతున్నారు. నన్నెవరు అడిగారు?” సెర్బుల పాత మఠాలు చాలా ఈ నేల మీదే ఉన్నాయి. ఆయన బాధ అబద్ధమని నేననలేను. ముందురోజు చూసిన ఆ పతకాలూ అబద్ధం కాదు. తిరిగి వంతెన ఎక్కుతుంటే కాళ్లు బరువుగా అనిపించాయి.

ప్రిష్టినా తిరిగొచ్చి, అక్కణ్నుంచి సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ వెళ్లాలని టికెట్ కొనుక్కున్నాను. గెస్ట్‌హౌస్ ఆవిడ చూసి తల అడ్డంగా ఊపింది. స్కోప్యే నుంచి నేరుగా కొసావోకి వచ్చాను కాబట్టి, సెర్బియా లెక్క ప్రకారం నేను వాళ్ల దేశంలోకి చెప్పాపెట్టకుండా జొరబడ్డట్టు. సరిహద్దులో వెనక్కి పంపుతారట. కొసావో సరిహద్దులో వేసిన ముద్ర వాళ్లకు ఉత్త సిరా మరక. టికెట్ డబ్బులు పోయాయి, మళ్లీ స్కోప్యే మీదుగానే చుట్టు తిరిగి వెళ్లాను. నాకు ఒక రోజు నష్టం. ఆవిడ కొడుక్కి జర్మనీలో అక్కను చూసి రావాలన్నా వీసా కోసం నెలల తరబడి ఎదురుచూపు. (2024 జనవరి 1 నుంచి వాళ్లకు షెంజెన్ దేశాల్లోకి వీసా అక్కర్లేకుండా చేశారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ అబ్బాయే.)

బయల్దేరేటప్పుడు ఆవిడ తన విజిటింగ్ కార్డు ఇచ్చింది. పాత కార్డు. ఫోన్ నంబరు ముందు 377 అని అచ్చు వేసి ఉంది. అది మొనాకో కోడ్. సొంత కోడ్ లేక కొసావో మొబైళ్లలో చాలావి ఏళ్ల తరబడి దాని మీద నడిచాయి. ఆవిడ పెన్ను తీసుకుని 377ని రెండు గీతలతో కొట్టేసి, పైన 383 అని రాసింది. సిరా ఆరేదాకా ఊది, అప్పుడు నా చేతిలో పెట్టింది.