రెండో నంబరు గేటు

మేం పనికెళ్లే దారిలో మూడు ఉక్కు సిలువలు ఉంటాయి, 42 మీటర్ల ఎత్తు. పోలండ్‌లోని గ్డాన్స్క్‌కి వెల్డర్‌గా వచ్చిన కొత్తలో అవేదో చర్చివి అనుకుని రోజూ దండం పెట్టుకుని వెళ్లేవాణ్ని.

మా ఫోర్‌మాన్ పెద్దాయన. ఒక ఆదివారం నన్ను వాటి కిందకి తీసుకెళ్లి, ఫోన్‌లో అనువాదం పెట్టి అంతా చెప్పాడు. 1970 డిసెంబరులో, పండగ ముందు మాంసం ధరలు, తిండి ధరలు పెంచేశారు. షిప్‌యార్డు కార్మికులు రోడ్డెక్కారు. కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్ల గుర్తుగా పదేళ్ల తరవాత నిలబెట్టిన సిలువలవి.

షిప్‌యార్డు రెండో నంబరు గేటు పక్కనే ఉంది. 1980 ఆగస్టులో అన్నా వాలెంటినోవిచ్ అనే క్రేన్ ఆపరేటర్ కోసం సమ్మె మొదలైంది. ఆవిడ కూడా మొదట్లో వెల్డరే. పింఛను ఇంకో అయిదు నెలల్లో వస్తుందనగా ఉద్యోగంలోంచి తీసేశారు. ఆవిణ్ని వెనక్కి తీసుకోవాలని, జీతాలు పెంచాలని 14న పని ఆపేశారు. 16న యాజమాన్యం ఒప్పుకుంది. సమ్మె అయిపోయిందని సమ్మె నాయకుడు లెక్ వాలెసా ప్రకటించాడు, జనం ఇళ్లకి బయల్దేరారు.

అప్పుడు ఆడవాళ్లు గేట్ల దగ్గర అడ్డం నిలబడ్డారు. అన్నా, ఒక నర్సు, ట్రామ్ నడిపే హెన్రికా క్షివోనోస్. మీ పని అయింది సరే, మీకు తోడుగా సమ్మెలోకి వచ్చిన చిన్న చిన్న కంపెనీల వాళ్ల గతేమిటని అడిగారు. కొంతమంది ఆగిపోయారు. ఆ ఆగిపోయినవాళ్ల వల్లే 21 డిమాండ్లు చెక్క పలకల మీదికెక్కి ఈ గేటుకి వేలాడాయి, ఆగస్టు 31న ఒప్పందం జరిగింది. శనివారం సెలవు కూడా ఆ డిమాండ్లలో ఒకటి.

నేను ఫోర్‌మాన్‌కి మా శ్రీకాకుళం వీరగున్నమ్మ గురించి చెప్పాను. మందస జమీందారు అడవి మీద రైతుకి హక్కు లేదన్న రోజుల్లో, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులకి ఎదురు నిలిచి కాల్పుల్లో పోయింది. అప్పుడు ఆమె కడుపుతో ఉంది. ఆయన టోపీ తీశాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన చలికాలం మాకూ ఓవర్‌టైమ్ డబ్బులు ఎగ్గొట్టారు. నలుగురం తెలుగువాళ్లం వెళ్లి అడిగాం. వెల్డర్లు దొరకడం కష్టం కదా, మా నలుగురికీ లెక్క సరిచేశారు. పక్క గదిలో నేపాలీ హెల్పర్లు ఆరుగురున్నారు. వాళ్లకి పైసా ఇవ్వలేదు. మనకెందుకురా అన్నాడు మావాడొకడు. ఊళ్లో వాడికి ఏజెంటు అప్పు ఇంకా తీరలేదు, వాణ్ని ఏమనగలం? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా వైపు సోంపేట బీలలో, అంటే చిత్తడి నేలల్లో, థర్మల్ ప్లాంటు వద్దని దీక్షలు జరిగేటప్పుడు నాన్న రోజూ వెళ్లి శిబిరంలో కూర్చునేవాడు. మా జీడితోట బీలకి చాలా ఎడం. మన భూమి పోవట్లేదు కదా, నీకెందుకని అడిగాను. అప్పుడు నాది ఐటీఐ చదివే వయసు. "మన గొడ్లు ఇన్నాళ్లూ ఏ గడ్డి తిన్నాయిరా?" అన్నాడు. 2010 జులై 14న కాల్పులు జరిగిన రోజు బాగా చీకటి పడ్డాక ఇల్లు చేరాడు. భుజం మీద తువ్వాలు లేదు. అమ్మ ఆయన్ని ఏమీ అడగలేదు, అన్నం పెట్టింది.

పొద్దున్నే నేపాలీ కుర్రాళ్లని కూర్చోబెట్టి, ఎవరికి ఎన్ని గంటలు రావాలో కాగితం మీద రాశాం. ఫోర్‌మాన్ దాన్ని పోలిష్‌లో లేబర్ ఇన్‌స్పెక్షన్‌కి ఫిర్యాదుగా మార్చాడు. వాళ్ల ఆరు సంతకాల కింద మావి మూడు పడ్డాయి. అప్పున్నవాడు సాయంత్రం వచ్చి నాలుగోది పెట్టాడు.

రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ భయపడింది. "ఉజ్జోగం తీసెయ్యరు కదేటిరా?" అంది. నాన్న ఫోన్ తీసుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు.

తరవాత, "ఆ పిల్లలు తిన్నారేటి?" అన్నాడు.