మునగ చెట్టు మీద సగం రంగేసిన పిట్ట

డిసెంబర్ మొదట్లో మా పెరట్లో మునగ పూతకొచ్చింది, అప్పట్నుంచి పొద్దుటి కాఫీ వంటింటి కిటికీ దగ్గరే. మాది రాజమండ్రి శివారు, పెరడంటే పెద్దదేం కాదు, ఒక మునగ, ఒక కరివేపాకు, గోడ పక్కన రెండు మందారాలు. ఏడున్నర దాకా మంచు, అప్పుడు తీస్తే ఫోటోలన్నీ పాలల్లో ముంచినట్టొస్తాయి. మంచు విడిపోయి పక్కింటి డాబా మీదుగా ఎండ ఏటవాలుగా కొమ్మల మీద పడే టైమ్ గట్టిగా ఒక గంట, తొమ్మిది దాటితే ఎండ తెల్లబడిపోతుంది, ఇంక కెమెరా లోపల పెట్టేయడమే.

మొదట్లో ఒక పిట్టని చూసి కొత్త రకం దొరికిందని తెగ సంబరపడిపోయా. ఒళ్ళంతా పసుపు, గొంతు నుంచి పొట్ట దాకా కాటుకతో ఒక గీత గీసినట్టుంది. తీరా పుస్తకం తిరగేస్తే అది మామూలు తేనెపిట్టే, పర్పుల్ సన్‌బర్డ్ మగది! గూళ్ళ సీజన్ అయిపోయాక ఆ మెరిసే ఈకలు రాల్చేసి దాదాపు ఆడపిట్టలా తయారవుతుందట, మళ్ళీ జత కట్టే టైమ్‌కి నల్లగా నిగనిగలాడుతుంది. దాని చుట్టం పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్ కూడా మా చెట్టుకొస్తుంది, దానికి ఈ గొడవ లేదు, ఏడాదంతా ఒకటే డ్రెస్.

సంక్రాంతికి చూస్తే ఆ మొదటి పర్పుల్ సన్‌బర్డ్ అవతారం భలే ఉంది, మెడ దగ్గర నీలం అతుకు, రెక్క మీద నల్ల మచ్చలు, మిగతాదంతా పాత పసుపే, మేస్త్రీ సగం గోడకి రంగేసి పండక్కి ఊరెళ్ళిపోయినట్టు. రోజూ అదే కొమ్మ మీద వాలి పువ్వు పువ్వుకీ ముక్కు పెట్టి మధ్యలో ఇంకో మగది వస్తే తరిమికొట్టి మళ్ళీ వచ్చి కూర్చునేది, అదే పిట్ట అని నా నమ్మకం, ప్రూఫ్ ఏం లేదు.

నాది పాత కెమెరా, 55-250 జూమ్ లెన్స్. పిట్టలకి అది చాలదంటారు గానీ చెట్టు మూడు మీటర్ల దూరంలో ఉంటే చాలు. అసలు తిప్పలు వేరే, వెనక ఆకాశం తెల్లగా ఉంటే పిట్ట బొగ్గుముక్కలా వస్తుంది, అందుకే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు, పెంచి పెట్టుకుంటున్నా. ఇంకోటి, ఆ ఊదా మెరుపు ఈకలో ఉన్న రంగు కాదు, వెలుతురు పడే కోణాన్ని బట్టి కనపడేది, తల కాస్త అటు తిప్పిందా, నలుపే. ఒక పొద్దున 140 ఫోటోలు కొడితే పనికొచ్చినవి మూడు, మిగతావాటిలో ఫోకస్ మునగపువ్వు మీద. “ఒరేయ్, పిట్టలకి పెళ్ళి ఫోటోలు తర్వాత, ముందు పాలు పొంగుతున్నాయి చూడు” అని అమ్మ.

నాన్నకి ఆ చెట్టు కొట్టేయాలని ఉంది, గొంగళిపురుగులు పడుతున్నాయని. జెముడుకాకి వచ్చి తింటుంది కదా నాన్నా అంటే, నీ జెముడుకాకి నా దురద తగ్గిస్తుందా అన్నారు, దానికి నా దగ్గర సమాధానం లేదు. మార్చి దాకా ఆగమని బతిమాలుకున్నా.

కోనసీమ నుంచి మామయ్య పంపిన వరి కుచ్చు చూరుకి కట్టాం, పిచ్చుకలు మూడు రోజుల్లో ఊడ్చేశాయి, కిందంతా పొట్టు, ఊడ్చే డ్యూటీ నాది.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని పిట్టల్ని లెక్కపెట్టే కార్యక్రమం ఉంటుంది, కనీసం 15 నిమిషాలు కూర్చుని కనపడినవీ వినపడినవీ లెక్కేసి ఈబర్డ్ అనే పిట్టల లెక్కల వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. నా లిస్ట్‌లో బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ కూడా ఉంది. ఫిన్లాండ్, రష్యాల్లో గూళ్ళు కట్టుకునే రకం ఇది, చలికాలం గడపడానికి మన దేశం దాకా ఎగిరొచ్చి మా కరివేపాకు చెట్టులో దూరి పొద్దస్తమానం “చెక్, చెక్” అంటుంది, బయటికి మాత్రం రాదు. ఈ సీజన్ మొత్తం మీద దాని ఫోటో నా దగ్గర ఒక్కటే ఉంది, కరివేపాకు రెమ్మ, దాని వెనక సగం తోక.