బడికి పోని పిల్లాడు ‘లోకల్’ అయిన వైనం

మా వాడు నాలుగో తరగతితో బడి మానేశాడు. ఎందుకు మాన్పించామన్నది చుట్టాల పెళ్లిళ్లలో చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది, ఇక్కడ వదిలేస్తా. అడిగేవాళ్ల అసలు సందేహం ఎప్పుడూ ఒకటే: ‘‘మరి రేపు ఇంజనీరింగ్ సీటెట్లా?’’ 2024లో వచ్చింది, కన్వీనర్ కోటాలోనే, అంటే ర్యాంకు మీద సర్కారు కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలోనే. ఎట్లా వచ్చిందో రాస్తున్నా.

పరీక్షల వరకు పెద్ద చిక్కు లేదు. ఎన్‌ఐఓఎస్‌లో (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్) పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండితే చాలు. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ లేకపోతే, పది చదివేంత చదువు వచ్చని మనమే రాసిస్తే తీసుకుంటారు. ఐదు సబ్జెక్టులు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఐదేళ్లలో ఎప్పుడైనా పూర్తిచేసుకోవచ్చు. ఒక్కటే మెలిక, పది పాసయ్యాక పన్నెండు సర్టిఫికెట్‌కి రెండేళ్ల గ్యాప్ ఉండాలి. అందుకని పది 2021 చివర్లో రాయించి, పన్నెండు 2023 అక్టోబర్ సెషన్‌లో పెట్టుకున్నాం. ఏప్రిల్‌లో రాస్తే కౌన్సెలింగ్ వేళకి మెమో చేతికొస్తుందో రాదోనని గుబులు. పైగా అక్టోబర్‌లో ఆ పని అయిపోతే ఎంసెట్‌కి తీరిగ్గా కూర్చోవచ్చు. (2024లో తెలంగాణలో దాని పేరు ఈఏపీసెట్ అయింది, మా ఇంట్లో ఇప్పటికీ ఎంసెటే.) ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ కూడా అప్పటికే ఎత్తేశారు. గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీలకి 45 శాతం వస్తే చాలు, మిగతాదంతా ర్యాంకే.

నన్ను భయపెట్టింది ప్రాక్టికల్స్. ఫిజిక్స్, కెమిస్ట్రీలకి చెరో 20 మార్కులు, అవి స్టడీ సెంటర్‌లోనే చెయ్యాలి. ఇంట్లో సర్క్యూట్లు బిగించడం వచ్చుగానీ బ్యూరెట్ (నాబ్ తిప్పి ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలే గాజు గొట్టం) పట్టుకున్నవాడు కాదు. స్టడీ సెంటర్ కాంటాక్ట్ క్లాసుల్లో కెమిస్ట్రీ సారు పక్కన నిలబెట్టుకుని నేర్పించారు. మొదటిసారి నాబ్ ఒక్కసారిగా తిప్పేశాడు, ఫ్లాస్కులో నీళ్లన్నీ ముదురు గులాబీ రంగు. ‘‘షర్బత్ చేసినవ్ నాయనా’’ అన్నారు సారు. ఎడమచేత్తో నాబ్, కుడిచేత్తో ఫ్లాస్కు తిప్పుతూ, కింద తెల్ల టైల్ పెట్టుకుని, రంగు వచ్చీ రానట్టు నిలిచే చుక్క దగ్గర ఆపడం ఆ గదిలోనే వచ్చింది. ఆయన దగ్గర ఒక క్రికెట్ కుర్రాడు, ఇద్దరు పిల్లల తల్లి, సీబీఎస్‌ఈలో తప్పిన ఇద్దరు కూడా నేర్చుకున్నారు. అంత కలగలుపు క్లాసు మామూలు కాలేజీలో నేను చూడలేదు.

అసలు యుద్ధం ‘లోకల్’ దగ్గర. తెలంగాణ కౌన్సెలింగ్‌లో అప్పుడు 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకి, మిగతా 15 శాతం అందరికీ. లోకల్ అని తేలాలంటే ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా స్టడీ సర్టిఫికెట్లు పెట్టాలి. మా వాడికి ఒక్కటీ లేదు. ఇట్లాంటి పిల్లలకి అప్పటి నిబంధనల్లోనే దారుంది: బడిలో చదవకుండా ప్రైవేటుగా రాసినవాళ్లు, అర్హత పరీక్షకి ముందు ఏడేళ్లు ఇక్కడే ఉన్నట్టు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం పెడితే సరిపోయేది. దారి ఉండటం వేరు, ఆఫీసులో ఆ దారి తెలిసినవాళ్లు ఉండటం వేరు.

మీసేవలో దరఖాస్తు పెట్టి మండలాఫీసుకి పోతే క్లర్కు ఫైలు అటూ ఇటూ తిప్పి, ‘‘బోనఫైడ్‌లు ఏవి మేడమ్?’’ అన్నాడు.

‘‘లేవు సార్, బాబు ఇంట్లోనే చదివిండు.’’

‘‘ఏడేళ్లూ ఇంట్లోనేనా? గట్లెట్లైతది?’’

నోటిఫికేషన్‌లో ఆ వాక్యం కింద గీత గీసి ప్రింటు పట్టుకెళ్లాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజే ఇంటికి పంపేవాడు. తర్వాత ఇంకో అడ్డం. ఈ ఇంటికి వచ్చి అప్పటికి మూడేళ్లే, అంతకుముందు పక్క మండలంలో అద్దెకున్నాం. ‘‘మా మండలంలో ఉన్నంతకాలానికే నేను రాస్తా’’ అన్నారు ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్). న్యాయమే. పాత మండలంలో మళ్లీ మొదటి నుంచి. అక్కడ కరెంటు బిల్లు ఓనర్ ఆంటీ పేరు మీదుంది. పనికొచ్చినవి పాత అద్దె అగ్రిమెంటు, గ్యాస్ బుక్కు, ఆధార్‌లో ఎప్పుడెప్పుడు ఏ అడ్రస్ మార్చామో చూపించే అప్‌డేట్ హిస్టరీ. ఆ చివరిది ఆధార్ సంస్థ (యూఐడీఏఐ) వెబ్‌సైట్‌లో దొరుకుతుందని చాలామందికి తెలియదు. ఆర్‌ఐ వచ్చి పంచనామా రాస్తుంటే ఆంటీ గేటు దగ్గరే నిలబడి, ‘‘నా కళ్లముందు పెరిగిన పిల్లగాడు సార్, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడ్తా సంతకం’’ అంది.

కౌన్సెలింగ్ కాగితాలు సరిచూసే హెల్ప్‌లైన్ సెంటర్‌లో రెండు మండలాల కాగితాలూ పక్కపక్కన పెట్టి సంవత్సరాలు వేళ్ల మీద లెక్కేశారు. సరిపోయాయి. ‘‘టీసీ ఏదమ్మా?’’ అన్న ప్రశ్నకి ఎన్‌ఐఓఎస్ వాళ్లు మెమోతో పాటిచ్చే మైగ్రేషన్ కమ్ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ తీశాను. అది టీసీ కిందికే వస్తుంది, వేరేది అడిగితే లేదని గట్టిగా చెప్పొచ్చు.

చిన్నది కూడా ఇంట్లోనే చదువుతోంది, దానికి నీట్ ధ్యాస. ఓపెన్ స్కూల్ వాళ్లని నీట్‌కి రానివ్వరనే మాట ఇప్పుడు పాతబడింది, 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేలిన విషయం. లోకల్ నిబంధనలు మాత్రం ఏటా మారుతున్నాయి, మెడికల్‌కీ ఇంజనీరింగ్‌కీ ఒకటే ఉండవు. ఏ జీవో వచ్చినా అడిగేది కాగితమే కాబట్టి, ఈసారి చిన్నదాని పేరు మీద అడ్రస్ ఉన్న ప్రతి కాగితమూ ఏడాది వారీగా దాస్తున్నాం.