కాపలా లేని గల్లాపెట్టె

ఎనిమిదో తరగతి వాళ్లని "నిజాయితీ" మీద పేజీన్నర రాయమని చూడండి. పుస్తకం తరవాత పుస్తకంలో హరిశ్చంద్రుడు కాటి దగ్గర నిలబడి ఉంటాడు. పొద్దున పక్కవాడి బాక్సులోంచి కంపాసు తీసుకుని ఇంకా ఇవ్వని సంగతి ఒక్కదాన్లోనూ ఉండదు. అలాగని పిల్లలు అబద్ధాలు రాశారని కాదు. అడిగిన ప్రశ్న మరీ పెద్దది, దానికి కంపాసు కథ సరిపోదని వాళ్లకే అనిపిస్తుంది.

కోనసీమలో గానీ భీమవరం వైపు గానీ ఏ హైస్కూలుకి వెళ్లినా గోడల నిండా సూక్తులే. వాటి మీద నాకు కోపం లేదు, గోడకి అందం. కానీ పిల్లల చేత విలువల గురించి ఆలోచింపజేయాలంటే ముందు వాళ్ల చేతికి లెక్క ఉన్న పనొకటి ఇవ్వాలి, ఆ పని గురించి చిన్న ప్రశ్న అడగాలి. మొదటిది కొట్టు, రెండోది శనివారం పుస్తకం. ఒకటి లేకుండా రెండోది నిలబడదు.

ముందు కొట్టు సంగతి. అమ్మేవాడు లేని కొట్టు. బల్ల మీద సరుకు, పక్కన డబ్బా. కావలసింది తీసుకుని డబ్బులు వేసి వెళ్లడమే. దానికి "నిజాయితీ అంగడి" అని రంగుల అట్ట కట్టకండి. పేరులోనే పరీక్ష పెట్టేస్తే ఆరో తరగతి వాళ్లు దగ్గరికి రావడానికే జంకుతారు, పదో తరగతి వాళ్లు ఆ పరీక్షని ఓడించడానికి వస్తారు. కొట్టు అంటే చాలు.

సరుకు అమ్మకం ధరన 600 రూపాయలకి మించక్కర్లేదు. పెన్సిళ్లు 30, రబ్బర్లు 20, చెక్కే మరలు 10, గీతల కాగితాల కట్టలు 10, ఇవన్నీ 5 రూపాయలవి. పెన్నులు 20, స్కేళ్లు 5, ఇవి పది రూపాయలవి. ధరలు రెండే ఉండాలి, 5 లేదా 10. మూడు రూపాయల రబ్బరు పెట్టారా, సాయంత్రానికి లెక్క తేలదు. పిల్ల దగ్గర ఐదు ఉంటుంది, రెండు రూపాయల చిల్లర దొరకదు, "రేపు వేద్దాం" అనుకుంటుంది, రేపటికి మరిచిపోతుంది. చూసేవాళ్లకి అది దొంగతనంలా కనిపిస్తుంది. నిజానికి అక్కడ లేనిది చిల్లరే.

అందుకే డబ్బా పక్కన ఒక పళ్లెంలో పది ఐదు రూపాయల బిళ్లలు పెట్టాలి. పది నోటు పళ్లెంలో పెట్టి రెండు ఐదులు తీసుకుని, ఒక ఐదు డబ్బాలో వేస్తారు. పళ్లెం ఎప్పుడు లెక్కపెట్టినా 50 రూపాయలే ఉండాలి. డబ్బా స్టీలుదైతే మంచిది. మూత మీద గాటు నాలుగు సెంటీమీటర్ల పొడవు, ఏడు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే పది రూపాయల బిళ్లా పడుతుంది, మడిచిన నోటూ పడుతుంది. హెడ్మాస్టారి గది ఎదుట పెడితే అది కాపలా కొట్టే అవుతుంది. కుళాయిల దగ్గర పెడితే కాగితాలు నానిపోతాయి. రెండు తరగతుల మధ్య వరండా సరైన చోటు. వర్షాల్లో మాత్రం కాగితాల కట్టలు మూత డబ్బాలో ఉండాలి, మన గాలిలో తేమకి రెండ్రోజుల్లో మెత్తబడిపోతాయి.

ఆఖరి గంటకి పది నిమిషాల ముందు లెక్క. ఇద్దరు లెక్కపెట్టాలి, మూడోవాళ్లు రాయాలి. ముగ్గురూ వేర్వేరు తరగతుల వాళ్లు, సోమవారం సోమవారం మారాలి. పైకి వినబడేలా లెక్కపెట్టమనండి. పెన్సిళ్లు పొద్దున 30, ఇప్పుడు 23, ఏడు పోయాయి, 35 రూపాయలు. పెన్నులు 20కి 16, నలభై. రబ్బర్లు 20కి 17, పదిహేను. రావలసింది 90. డబ్బాలో 80. తేడా 10.

లెక్క పట్టీలో ఈ తేడా రాసే చివరి గడికి ఏం పేరు పెడతారన్న దాని మీదే కొట్టు నడవడమో మూతబడడమో ఉంటుంది. "దొంగతనం" అని రాస్తే రెండో వారానికి పిల్లలు ఒకళ్ల జేబులు ఒకళ్లు చూసుకుంటారు. "తరుగు" అని రాయమనండి. మన పిల్లలకి ఆ మాట కొత్త కాదు. కోతల రోజుల్లో ఇంటి దగ్గర రోజూ వినేదే. 75 కిలోల ధాన్యం బస్తా కాటా మీద పెట్టాక తేమ 17 శాతం దాటిందని తరుగు తీశారని నాన్న విసుక్కుంటుంటే విన్నవాళ్లే. తరుగు అనగానే "ఎందుకు తగ్గింది" అని అడగడం వాళ్లకి తెలుసు. దొంగతనం అంటే "ఎవరు" అన్నది తప్ప ఇంకో ప్రశ్న పుట్టదు.

ఎందుకు అని అడిగితే బోలెడు సంగతులు బయటపడతాయి. వాసన రబ్బర్లు ఎక్కువ పోతాయి, ఆరో తరగతి వాళ్లు వాసన చూడ్డానికి తీసి జేబులో మరిచిపోతారు. వాటిని తీసేసి తెల్లవి పెడితే తరుగు సగానికి సగం పడిపోయినా ఆశ్చర్యం లేదు. పెన్నులు పోతున్నాయంటే ఒక్కోసారి పిల్లలు కారణమే కాదు. హాజరు పట్టీకి పెన్ను తీసుకుని "తరవాత వేద్దాంలే" అనుకున్న మాస్టారు ఉంటారు. పిల్లలకి అది తెలుసు, చెప్పరు. కాబట్టి స్టాఫ్ మీటింగులో మొదటి నిబంధన మనకే: పెద్దవాళ్లు తీసుకున్న ప్రతిదానికీ అక్కడికక్కడే, పిల్లలు చూస్తుండగా వెయ్యాలి.

తరుగు సంగతి సరే, హెచ్చు కూడా వస్తుంది. రావలసింది 90, డబ్బాలో 95. ఆ రోజు చప్పట్లు కొట్టించే మాస్టార్లు ఉంటారు. తప్పు. ఏ పిల్లో చిల్లర తీసుకోకుండా వెళ్లిపోయింది, ఇంట్లో ఐదు రూపాయలకి లెక్క చెప్పుకోవాలి. హెచ్చునీ తరుగులాగే ప్రకటించి, "చిల్లర మరిచిపోయినవాళ్లు రేపు తీసుకోండి" అనాలి. తనదంటూ ఇద్దరు వస్తే? ఇద్దరికీ ఇచ్చేయండి. ఐదు రూపాయల తరుగుతో పోతుంది, పంచాయితీ పెడితే అంతకంటే ఎక్కువ పోతుంది.

డబ్బుల్లేని పిల్లల మాట. కొట్టు పెట్టినవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. జేబులో పైసా లేని పిల్ల ముందు పెన్సిళ్లు పరిచి నిజాయితీగా ఉండమనడం న్యాయం కాదు. బల్ల పక్కన అప్పు చీటీలు ఉంచండి, పది రూపాయలదాకా అప్పు. పేరూ, వస్తువూ ఎవరికి వాళ్లే రాసి డబ్బాలో వేస్తారు, తీర్చిన రోజు చీటీ చింపేస్తారు. చీటీ ఉన్నంతవరకూ అది తరుగు కాదు. ఇంకో గిన్నెలో సగం వాడిన పెన్సిళ్లు, ఉచితంగా. అడగక్కర్లేదు, రాయక్కర్లేదు.

మొదటి వారం లెక్క అణా పైసలతో సరిపోతుంది, సంబరపడకండి. కొత్త మోజు అది. మూడో వారంలో తరుగు పెరుగుతుంది. వారానికి 60 రూపాయలు, అంటే సరుకులో పదోవంతు దాటితే రెండ్రోజులు కొట్టు కట్టేసి, ఆ వారం లెక్క నల్లబల్ల మీద రాసి, ఏ వస్తువు దగ్గర తగ్గిందో పిల్లల్నే చెప్పమనాలి. సంచులు మాత్రం వెతక్కండి. ఒక్కసారి వెతికితే ఆ ఏడాదికి కొట్టు అయిపోయినట్టే. బల్ల ఉంటుంది గానీ దాంట్లో పస ఉండదు. కెమెరా పెట్టినా అంతే. టోకున కొన్న ధరకీ అమ్మే ధరకీ మధ్య ఉన్న కాస్త తేడాలోంచి కొంత తరుగు పూడుతుంది, మిగతాది బడి పెట్టుకోవాలి.

ఇక శనివారం పుస్తకం. నలభై పేజీల పుస్తకం, ఆఖరి పీరియడులో పదిహేను నిమిషాలు, ఆరేడు వాక్యాలు. షరతు ఒకటే: "లి"తో ముగిసే వాక్యం రాయకూడదు. ఉండాలి, చెయ్యాలి, గౌరవించాలి, అన్నీ బంద్. మొదటిరోజు సగం తరగతి పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంటుంది. నీతి వ్యాసమంతా ఆ "లి" మీదే నడుస్తుంది మరి. అది తీసేశాక మిగిలేది జరిగినదే: తీసుకున్నాను, చెప్పలేదు, దాచాను. "ఇతరుల వస్తువులు అడిగి తీసుకోవాలి" అని రాసే చెయ్యే ఇలా రాస్తుంది:

"బుధవారం రబ్బరు తీసుకున్నాను. జేబులో ఐదు రూపాయలున్నాయి గానీ దాంతో పుల్లైసు కొనుక్కుందామనుకున్నా. కొనుక్కున్నా. గురువారం అమ్మనడిగి డబ్బాలో వేశాను. ఎవరూ చూడలేదండి."

ఆ చివరి "అండి" దిద్దకండి. ఎర్ర సిరా అసలు ముట్టకండి. పైకి చదివి వినిపించకండి, బాగున్నవాటిని కూడా. మడత పెట్టిన పేజీ మాస్టారు చదవరని మాటివ్వండి, ఇచ్చాక చదవకండి. ఒక్కటి ముందే చెప్పాలి: ఎవరైనా కొడుతున్నారనో, ఒంటి మీద చెయ్యి వేస్తున్నారనో తెరిచి ఉన్న పేజీలో రాస్తే, అది మన దగ్గరే దాచుకునేది కాదు, సాయం పిలుస్తామని. పిల్లల సహాయవాణి 1098 నంబరు పుస్తకం అట్ట లోపల రాయించండి.

ప్రశ్నలు ఎంత చిన్నవైతే అంత మంచిది. "ఇవాళ కంచంలో ఏం వదిలేశావు, ఎందుకు?" మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు పెట్టిన పేరు డొక్కా సీతమ్మగారిది, లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్లకీ అన్నం పెట్టినావిడ. ఆవిడ గురించి వ్యాసం రాయిస్తే "అపర అన్నపూర్ణ" దగ్గర ఆగిపోతారు. వదిలేసిన అన్నం బకెట్లో వేసి వారంరోజులు తూచి, ఆ కిలోలు బోర్డు మీద రాసి అడిగితే "ఎక్కువ పెట్టించుకున్నాను, పక్కవాడు పెట్టించుకున్నాడని" అని వస్తుంది.

రోజూ ప్రార్థనలో చెప్పే ప్రతిజ్ఞలోంచి కూడా ప్రశ్నలు తీయొచ్చు. పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో విశాఖపట్నంలో రాసింది అది. "జంతువులపట్ల దయతో ఉంటాను" అన్న వాక్యాన్ని సంక్రాంతి సెలవులయ్యాక ఇవ్వండి, డెల్టాలో దానికి అంతకంటే మంచి సమయం లేదు. కోడికి కత్తి కట్టడం చూసినవాళ్లు తరగతిలో సగంమందైనా ఉంటారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమని వాళ్లకి తెలుసు. అక్కడ బాబాయి పందెం కాశాడనీ తెలుసు. అందుకే "ఎవరితో వెళ్లావు" అని అడగకూడదు, ఇంటి మీద సాక్ష్యం చెప్పించినట్టవుతుంది. "చూస్తున్నప్పుడు ఏమనిపించింది" చాలు. "భయమేసింది, కానీ కదలబుద్ధి కాలేదు" అని ఏ పిల్లాడైనా రాస్తే దాని కింద మనం ఏమీ రాయక్కర్లేదు.

ఆలస్యం సంగతి కొంచెం తిక్కది. గోదావరి లంకల్లోకి వెళ్లే కనకాయలంక కాజ్‌వే లాంటివి వరద రోజుల్లో మునిగిపోతాయి, లంక పిల్లలు పడవ మీద దాటి రావాలి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులకి చేరి మొదటి వరద హెచ్చరిక ఇచ్చారంటే ఆ వారం వాళ్లు వేళకి రారు. గేటు దగ్గర అందరినీ ఒకేలా నిలబెడితే అదీ సమానత్వమే అనిపిస్తుంది, పైకి. "ఆలస్యానికి నిబంధన మీరే రాయండి" అని ఆ వారం పుస్తకంలో అడగండి. ఊళ్లో పిల్లలు పడవ పిల్లలకి మినహాయింపు ఇచ్చేస్తారు, ఇది తేలిక. చిక్కు తరవాత వస్తుంది: ఊళ్లోనే ఉండి, చెల్లిని అంగన్‌వాడీలో దింపి వచ్చే పిల్ల సంగతేంటి? అది పడవా కాదు, బద్ధకమూ కాదు. ఆలస్యం పట్టీలో "కారణం" గడి ఒకటి పెట్టి, దాన్ని పిల్లల చేతే నింపించండి. రెండువారాల తరవాత ఆ గడి చదివితే ఏ నిబంధన రాయాలో తెలుస్తుంది.

ఏప్రిల్లో కొట్టు మూసేటప్పుడు మిగిలిన సరుకు లెక్కగట్టి, పెట్టుబడి తిరిగి ఇచ్చి, ఏమైనా మిగిలితే ఏం కొనాలో పిల్లల్నే తేల్చుకోనివ్వండి. పుస్తకాలు మాత్రం వాళ్లకే ఇచ్చి ఇంటికి పంపేయండి. స్టాఫ్‌రూము బీరువాలో పెడితే వేసవిలో చెదలు తినేస్తాయి. చెదలు వదిలేసినవి జూన్‌లో బదిలీ మీద వచ్చిన కొత్త మాస్టారు విప్పి చూస్తారు, మడతలతో సహా.