ఫైలు సారు నోట్‌బుక్కు

మన ఐటీఐ బ్యాచ్ గెట్ టుగెదర్ సావనీర్‌కి ఏదో ఒకటి రాసివ్వమని కమిటీ వాళ్ళు వదలడం లేదు. "నువ్వు ఓనరువి అయ్యావు, నీది ముందు పేజీల్లో వేస్తాం" అని ఆశ కూడా పెట్టారు. ఏ పేజీలో వేసినా సరే గానీ, రాయడానికి కూర్చుంటే నాకు మనకి ఫిట్టర్ పని నేర్పిన ఫైలు సారు తప్ప ఇంకేమీ తట్టడం లేదు. ప్రిన్సిపాల్‌గారి గురించి ఎలాగూ డబ్బా రాస్తాడు (ఇక్కడ అందరివీ మనం పెట్టుకున్న ముద్దుపేర్లే). డ్రాయింగ్ క్లాసు, కిటికీలో కాకి సంగతులు బొండాం చూసుకుంటాడు.

1986లో కంచరపాలెం ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్‌లో చేరేసరికి మనలో ఎక్కువమందికి పదహారేళ్ళు. లేతు మెషిన్ ఎప్పుడు తిప్పుదామా అని ఉబలాటం. చేతికి దొరికింది మాత్రం 12 అంగుళాల బాస్టర్డ్ ఫైలు, అంటే గరుకు ఆకురాయి, ఒక ఇనప ముక్క. ఆ ఫైలు పేరు గట్టిగా చదివినందుకు రాకెట్టు తిన్న దెబ్బ సంగతి ఇక్కడ రాయను, వాడి మనవలు కూడా ఈ పుస్తకం చూస్తారు.

ముక్కని కదలకుండా పట్టుకునే వైసులో బిగించడం, అరగదీయడం, విప్పి చూడటం, మళ్ళీ బిగించడం. నెలల తరబడి అదే. ఫైలు పళ్ళలో రజను ఇరుక్కుంటే ముక్క మీద గీతలు పడతాయని సారు చాక్‌పీసు రుద్దించేవారు. జేబులో చాక్‌పీసు లేకుండా వర్క్‌షాపులోకి వస్తే బయటికే. పని అయిందని చూపిస్తే మూలమట్టం చూసే ట్రై స్క్వేర్ ఆనించి, కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవారు. స్క్వేర్‌కీ ముక్కకీ మధ్య సన్నగా వెలుగు కనబడిందా, "ఈ మూల నిద్దరోయావురా గుంటా" అని చేతిలో పెట్టేసేవారు. ఉలితో ఇనుము చెక్కే చిప్పింగ్ చేసేటప్పుడు ఉలి తల చూడకు, అంచు చూడు అని ఎంత చెప్పినా మనకి భయం కొద్దీ కళ్ళు తలమీదికే పోయేవి. దెబ్బ మాత్రం బొటనవేలిమీద పడేది. నా ఎడమచేతి గోరు ఇప్పటికీ కొంచెం వంకరే.

ఇదంతా ఏ ఐటీఐలోనైనా ఉండేదే. మన సారు చేసిన అసలు పని వేసవి సెలవుల్లో. అందరూ ఊళ్ళకి పోతుంటే, పోలేని వాళ్ళనీ, పోయినా ఇంట్లో గడవని వాళ్ళనీ ఏరి, ఇండస్ట్రియల్ ఎస్టేట్ షెడ్లలో ఇద్దరేసి చొప్పున పనికి పెట్టారు. నేనూ తాటికాయీ ఒక షెడ్డుకి వెళ్ళాం. ఆ ఓనరుగారు మంచివారే, కానీ మొదటి శనివారం సాయంత్రం మా ఇద్దరికీ తలో అరటిపండూ ఇచ్చి పొమ్మన్నారు.

సారు సైకిలు అప్పటికే బయట ఆగి ఉంది.

"పని నేర్పుతున్నాం కదా సారూ, మళ్ళీ డబ్బులేటి? అప్రెంటిస్‌కైతే చట్టం ఉంది. వీళ్ళింకా ఐటీఐ పాసవలేదు" అన్నాడు ఓనరు.

నిజమే. 1961 అప్రెంటిస్ చట్టం స్టైపెండ్ ఇవ్వమంటుంది గానీ సెలవుల్లో వచ్చిన మాలాంటి వాళ్ళ ఊసే అందులో లేదు. సారు చట్టం జోలికి పోలేదు. "చట్టం లేనికాడ సిగ్గైనా ఉండాల కదా బాబూ. రెండు డజన్ల బుష్‌లు ఈ గుంటలు అరగదీసారు. అయి నువ్వు అమ్మలేదా?" అని అక్కడే స్టూలు లాక్కుని కూర్చున్నారు. కూర్చుంటే లేచే మనిషి కాదని మీకు నేను చెప్పాలా! మా ఇద్దరికీ చెరో 20 రూపాయలు వచ్చేదాకా కదల్లేదు.

తర్వాత ఆ బ్రౌను అట్ట నోట్‌బుక్కు తీశారు. పేజీ మధ్యలో గీత. ఎడమవైపు ఎంత ఇచ్చారో, మా సంతకం. కుడివైపు ఆ వారం కొత్తగా ఏం నేర్చుకున్నామో మా చేతే రాయించేవారు. చదివి ఏమీ అనేవారు కాదు. వరసగా రెండు వారాలు కుడివైపు "షాపు ఊడ్చాను, టీ తెచ్చాను" అని ఉంటే మాత్రం సోమవారం ఆ కుర్రాడు ఇంకో షెడ్డులో ఉండేవాడు. గ్రీజుగాడు అలాగే మూడు షెడ్లు మారాడు. వాడు మాత్రం టీలే బాగున్నాయన్నాడు, అది వేరే సంగతి.

సారు ఎందుకంత పట్టుబట్టేవారో చాలా తర్వాత తెలిసింది. కుర్రతనంలో ఆయన ఒక షెడ్డులో ఏడాదంతా రెండుపూటలా అన్నానికే పనిచేశారట. పని నేర్పుతున్నామని డబ్బులివ్వరు, డబ్బులిస్తున్నామని పని నేర్పరు, రెండూ ఒక్కచోట దొరకాలంటే ఎవడో ఒకడు పక్కన కూర్చోవాలి అనేవారు. ఆ కూర్చునేవాడు తనే అని ఆయనకి ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. టీఏ కూడా రాలేదు.

రెండో ఏడాది నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ట్రేడ్ టెస్టు రాశాం, పాసయ్యాం. విశాఖలోనే సింధియాలో అప్రెంటిస్‌షిప్, అది పూర్తయ్యాక సర్టిఫికెట్‌కి ఎన్‌ఏసీ పరీక్ష. 1990లో స్టీల్‌ప్లాంట్‌లో ఇనుము తీసే గోదావరి ఫర్నేస్ మొదలయ్యేసరికి మనవాళ్ళు చాలామంది అక్కడ చేరారు. నన్ను మాత్రం సెలక్షన్‌లో తీసెయ్యడంతో సౌదీలో జుబైల్‌కి విమానం ఎక్కాను. ప్లాంటు ఆపి రిపేర్లు చేసే షట్‌డౌన్ పనులు, ఎండ, ఇసక, ఇంటికి డ్రాఫ్టులు. ఆ సంవత్సరాలన్నీ కలిపినా ఒక పేరా రాదు.

ఇప్పుడు గాజువాక ఆటోనగర్‌లో చిన్న మెషిన్ షాపు నాది. మూడు లేతులు, ఒక మిల్లింగ్, ఈమధ్యే కంప్యూటర్‌తో నడిచే ఒక సీఎన్‌సీ మెషిన్. అచ్యుతాపురం కంపెనీలకి ముక్కల్ని పట్టి ఉంచే ఫిక్స్‌చర్లు వెళ్తాయి. ఏటా ఇద్దరు ముగ్గురు అప్రెంటిస్‌లని తీసుకుంటాను. నాలాంటి చిన్న షాపుకి అది తప్పనిసరేం కాదు. 2019 నుంచి తప్పనిసరి అన్నది 30 మంది, ఆపైన ఉన్న చోట్లకే. అయినా తీసుకుంటాను. 2016లో అప్రెంటిస్‌లని ప్రోత్సహించే నాప్స్ స్కీము పెట్టినప్పుడు స్టైపెండ్‌లో పావు వంతు, నెలకి 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుందన్నారు. పోర్టల్‌లో ఎక్కించడం టెన్షనే గానీ అది మా అమ్మాయి చూసుకుంటుంది. పిల్లలతో మాత్రం మధ్యలో గీత గీసిన నోట్‌బుక్కే రాయిస్తున్నాను. కిందటేడు ఒక కుర్రాడు కుడివైపు "సార్ ఈ వారం ఏమీ నేర్పలేదు" అని రాసి సంతకం పెట్టాడు. ఆర్డరు హడావిడిలో వాణ్ణి పట్టించుకున్న వాళ్ళు లేరు మరి. సోమవారం నేనే దగ్గరుండి మైక్రోమీటరు పట్టించాను. వాడిప్పుడు పుణెలో ఉన్నాడు, నా సీఎన్‌సీ ఆపరేటర్ కంటే ఎక్కువ జీతం.

ఆటోనగర్‌లోనూ పరవాడలోనూ షాపులున్న మన బ్యాచ్ వాళ్ళు ఐదారుగురైనా ఉంటారు. తలో ఇద్దరిని తీసుకోండి. పోర్టల్ పని రాకపోతే మా అమ్మాయిని అడగండి, ఫీజు అడుగుతుంది, ఇవ్వండి. ఇంకో మాట, కోశాధికారి వెర్నియర్‌గారికి. గెట్ టుగెదర్ రోజు వడ్డనకీ కుర్చీలు వెయ్యడానికీ ఐటీఐ పిల్లల్ని పిలుస్తున్నారని విన్నాను. మనిషికి 600 అని బడ్జెట్‌లో ఇప్పుడే వేసుకోండి. భోజనం దానికి అదనం.