కాకినాడ ఎజైల్ జట్లతో ఆరు విడతల సర్వే: నా అనుభవం

కోనసీమలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూనే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరినప్పుడు, నేను ఎంచుకున్న ప్రశ్న సులువైనదే అనుకున్నాను. పనిని చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఎప్పటికప్పుడు చూపించి సరిదిద్దుకుంటూ సాగే ఎజైల్ పద్ధతిలో సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారి మనసుల మీద, వారి మధ్య సంబంధాల మీద ఆ పద్ధతి ప్రభావం ఎలా ఉంటుందన్నదే ఆ ప్రశ్న. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది కలిసి రాసుకున్న ఎజైల్ ప్రకటన, ప్రక్రియల కన్నా పనిముట్ల కన్నా మనుషులకూ వారి పరస్పర వ్యవహారానికీ పెద్దపీట వేసింది. దాని వెంట ఉన్న 12 సూత్రాల్లో ఒకటి, పనిచేసేవారు ఎంతకాలమైనా ఒకే వేగంతో సాగగలిగేలా పని ఉండాలని చెబుతుంది. ఇంత మాట ఇచ్చిన పద్ధతిని పరీక్షించాలంటే గడువులోగా పని పూర్తయిందా లేదా అని చూస్తే సరిపోదని, ఆ పని చేసినవారి పరిస్థితి ఏమిటో కూడా అడగాలని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

అనుమతుల కాగితాలకు పెద్దగా ఆలస్యం కాలేదు. కాకినాడలో రెండు జట్లున్న ఒక చిన్న సంస్థ ఒప్పుకుంది. మొత్తం 19 మంది. అమలాపురం, రామచంద్రపురం, యానాం వైపుల నుంచి వచ్చినవారే ఎక్కువ. రెండు వారాలకో స్ప్రింట్, అంటే ఇంత పని పూర్తిచేయాలని పెట్టుకునే చిన్న గడువు; రోజూ సాయంత్రం క్లయింట్ వేళకు అనుగుణంగా పావుగంట స్టాండప్, అంటే ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకునే సమావేశం. నా దగ్గర రెండు కొలమానాలున్నాయి. ఒకటి, జట్టులో నిర్భయంగా నోరు విప్పగలుగుతున్నారా అని చూసేందుకు అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లో ప్రచురించిన ఏడు ప్రశ్నల కొలమానం. రెండోది, అలసటను కొలిచే కోపెన్‌హేగన్ ప్రశ్నావళి. అందులోని 19 ప్రశ్నల్లో ఉద్యోగానికి సంబంధించిన ఏడింటిని తీసుకున్నాను.

అసలు కష్టం అనువాదంతో మొదలైంది. జట్టులో రిస్క్ తీసుకోవడం క్షేమమేనా అనే అర్థం వచ్చే ప్రశ్న ఎడ్మండ్‌సన్ కొలమానంలో ఉంది. దాన్ని మాటకు మాటగా తెలుగు చేసి ముందుగా ఇద్దరికి చూపిస్తే, అందులో ఒకబ్బాయి, "పరీక్షించని కోడ్‌ను క్లయింట్‌కు పంపడమా మేడమ్? అది క్షేమం ఎలా అవుతుందండీ?" అన్నాడు. అతని లెక్కలో తక్కువ మార్కు వేయడమే మంచి ఉద్యోగి లక్షణం. అందుకని ఆ ప్రశ్నను, నలుగురూ తక్కువగా అనుకుంటారేమో అనిపించే మాటనైనా ఈ జట్టులో బయటికి చెప్పవచ్చు అని మార్చి, మా కళాశాల ఇంగ్లీషు అధ్యాపకుడి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించి, రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని సరిచూశాను. ఇలా మార్చిన తర్వాత నా అంకెలను ఇతర దేశాల పరిశోధనల అంకెలతో నేరుగా పోల్చే హక్కు పోయింది. అడిగింది అడిగినట్టు అర్థం కావడమే ముఖ్యమని ఆ నష్టాన్ని ఒప్పుకున్నాను.

మొదటి విడత పూర్తిగా వృథా అయింది. ఎడ్మండ్‌సన్ కొలమానంలో ప్రతి ప్రశ్నకూ ఏడుకు ఏడు మార్కులు వేసినవారే ఎక్కువ. తప్పు చేస్తే ఎత్తిచూపుతారా అనే తిరగేసిన ప్రశ్నకు, అంటే ఎక్కువ మార్కు వేస్తే జట్టు బాగా లేదని అర్థం వచ్చే ప్రశ్నకు కూడా వారిలో చాలామంది ఏడే వేశారు; అంటే ప్రశ్న చదవలేదు, మర్యాద పాటించారు. కారణం కోసం పెద్దగా వెతకనక్కర్లేకపోయింది. ఫారాలు పంచింది సంస్థ సిబ్బంది విభాగం. ఎవరు తిరిగిచ్చారో పేర్ల పక్కన టిక్కులు కూడా పెట్టుకున్నారు. పైగా నేనే వయసు, స్త్రీ పురుష భేదం, అనుభవం అన్నీ అడిగాను. ఒక జట్టులో అమ్మాయిలు ఇద్దరే ఉన్నప్పుడు పేరు అడగకపోయినా అడిగినట్టేనని నాకు తట్టకపోవడం నా తప్పే. ఆ వివరాలన్నీ తీసేశాను. పేరుకు బదులు, తల్లి పేరులోని చివరి రెండక్షరాలూ పుట్టిన తేదీలోని రోజూ కలిపి ఎవరి సంకేతం వారే రాసుకునే పద్ధతి పెట్టాను. ఎవరెవరో నాకు తెలియకుండానే ఒకే మనిషి సమాధానాలను విడత విడతకూ జతపరచడానికి అది సరిపోయింది. నిండిన ఫారాలను నేనే స్వయంగా, మూసిన పెట్టెలో తీసుకున్నాను.

అయినా మొహమాటం పూర్తిగా పోలేదు. మన ప్రాంతంలో ఎదుటివారిని నొప్పించకుండా మాట్లాడడం చిన్నప్పటి నుంచి వచ్చే అలవాటు; అంకెలోనూ అది కనబడుతుంది. అందుకే రెండో విడత నుంచి అభిప్రాయంతో పాటు జరిగిన సంగతినీ అడిగాను: గత స్ప్రింట్‌లో పని ఎక్కడైనా ఆగిపోతే, ఆ సంగతి మరొకరికి చెప్పడానికి ఎంతసేపు పట్టింది? ఎవరికి చెప్పారు? ఆ సమాచారాన్ని సరిచూసుకోవడానికి స్టాండప్‌లలో ఒక మూల కూర్చునేదాన్ని. ముమ్మిడివరం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు వరుసగా మూడు సాయంత్రాలు, "నిన్నటి పనే నడుస్తోందండి, అడ్డంకులేం లేవండి" అన్నాడు. మూడో రోజు సమావేశం ముగిశాక కిందనున్న టీ బడ్డీ దగ్గర సీనియర్ డెవలపర్‌తో, "అక్కా, సోమవారం నుంచి అక్కడే ఆగిపోయానక్కా, ఒక్కసారి చూస్తారా" అంటుంటే విన్నాను. ఆమె టీ గ్లాసు పక్కన పెట్టి, అతని ఫోనులో తీసిన తెర ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, అయిదు నిమిషాల్లో దారి చెప్పింది. ఆ అయిదు నిమిషాలు జట్టు పనులు రాసుకునే ఏ బోర్డు మీదా నమోదు కాలేదు.

ఎవరు ఎవరిని సాయం అడిగారో గీతలు గీసి చూస్తే, ఆ జట్టులో గీతలు దాదాపు అన్నీ ఒకే మనిషి దగ్గరికి చేరాయి. జట్టు సగటు అలసట మామూలుగానే ఉంది. స్ప్రింట్‌కు పూర్తయ్యే పని అంకె పెరుగుతోంది. ఒకే ఒక సంకేతం పక్కన అలసట విడత విడతకూ ఎక్కుతోంది. సగటు తీసి ఊరుకుని ఉంటే ఈ జట్టులో ఎజైల్ చక్కగా పనిచేస్తోందని రాసి ఉండేదాన్ని. ఒకరికొకరు సాయపడడం జట్టు గుణమని చెప్పుకుంటాం కానీ, ఆ భారాన్ని మోసేది అందరూనా, ఒక్కరేనా అన్నది విడిగా కొలవకపోతే అది గుణమో బరువో తెలియదని అప్పుడు నాకు బోధపడింది.

నాలుగో విడత వరదల్లో పడింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 13 లక్షల క్యూసెక్కులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. లంక గ్రామాల కుర్రవాళ్లు ఆఫీసుకు రాలేక, ఇంట్లో కరెంటు లేక, సామాన్లు అటకెక్కిస్తూనే ఫోనులో స్టాండప్‌కు హాజరయ్యారు. అందరి అలసటా ఒక్కసారిగా పెరిగింది. దాన్ని ఎజైల్ ఖాతాలో వేయడం అన్యాయం, కొట్టేసి మిగిలినవి చూపడం అబద్ధం. కాబట్టి ఆ విడతను ఉన్నదున్నట్టు ఉంచి, పక్కన వరద సంగతి రాసి, ముందు వెనుకల విడతలతోనే నిర్ధారణలు చేశాను. రెండే జట్లు, 19 మందే కావడంతో కారణం ఇదేనని ఎక్కడా తేల్చి చెప్పలేదు కూడా. పర్యవేక్షకుడు ఇంకాస్త గట్టిగా రాయమన్నారు, నేను రాయలేదు.

అయిదో విడత తర్వాత, ఎవరి ఫలితమూ విడిగా చెప్పకుండా, సాయం చేసే గంటలను కూడా బోర్డు మీద పనిగా లెక్కించి చూడమని జట్టుకు సూచించాను. వాళ్లు చేశారు. పూర్తయ్యే పని అంకె వెంటనే తగ్గింది. యజమాని నన్ను పిలిపించి కారణం అడిగారు. పని తగ్గలేదని, ఇంతకు ముందు కనబడని పని ఇప్పుడు కనబడుతోందని చెప్పడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది.

ఆరో విడత ఫారాలు తీసుకున్న రోజు, అందరూ వెళ్లాక ఆ సీనియర్ డెవలపర్ తన సంకేతాన్ని చిన్న కాగితం ముక్క మీద రాసి నా ముందు పెట్టి, తన అలసట గీత ఒక్కటి చూపించమంది. చూపించాను. ఎక్కిన గీత చివర కాస్త దిగింది, అంతే. చాలాసేపు చూసి, "మేడమ్, దీన్ని ప్రింటు తీసి ఇస్తారా? ఇంట్లో చూపించాలండి" అంది.