వాడకొయ్య నిలబెట్టే ముందు ఒక పిన్నుతో అయిదు రోజులు

నిన్న సాయంత్రం ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణ ఒడ్డున, రెండు సన్నని పడవలను పక్కపక్కన కలిపిన మా 16 అడుగుల తెరచాప పడవ (కాటమరాన్) మీద వాడకొయ్య, అంటే తెరచాపను మోసే నిలువు స్తంభం, నిలబడింది. చేతులకు డీజిల్ వాసన ఇంకా పోలేదు. ఇటువంటి చిక్కు వచ్చినప్పుడు చదువుకోవడానికి తెలుగులో నాకు ఒక్క ముక్కా దొరకలేదు కాబట్టి, జరిగినది జరిగినట్టు ఇప్పుడే రాస్తున్నాను.

ముగ్గురు మిత్రులం కలిసి ఈ పాత పడవను విశాఖపట్నంలో కొన్నాం. లారీ మీద తేవడం, అడ్డదూలాలు బిగించడం ఒక్క రోజులో అయిపోయాయి. చిక్కంతా వాడకొయ్య పాదం దగ్గర వచ్చింది. 26 అడుగుల ఆ అల్యూమినియం గొట్టాన్ని పడుకోబెట్టి ఉంచి, ఒక కొసన పైకి లేపేటప్పుడు పాదం జారిపోకుండా కీలులా తిరగడానికి, పాదానికీ పడవ మీది దిమ్మకూ కలిపి ఒక స్టెయిన్‌లెస్ స్టీలు పిన్ను దూర్చాలి. పాత యజమాని ఆ పిన్నును పాదంలోనే వదిలేసి రెండేళ్లు పడవను సముద్రపు గాలికి పడేశాడు. అది కాస్తా అందులోనే పట్టేసింది.

ఎర్ర తుప్పు ఎక్కడా కనిపించకపోవడంతో మేము మొదట తేలికగా తీసుకున్నాం. స్టీలూ అల్యూమినియమూ ఉప్పు తడిలో ఒకదానినొకటి తాకి ఉంటే వాటి మధ్య చిన్న బ్యాటరీ ఏర్పడుతుందనీ, అందులో తినేయబడేది అల్యూమినియమేననీ, అలా పుట్టిన తెల్లటి పిండి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి పిన్నును నలువైపులా బిగించేస్తుందనీ తరువాత తెలిసింది.

ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లనే విప్పి బిగించేవాళ్లు ఉండగా ఒక పిన్ను ఏపాటిది అనుకుని, పాదాన్ని కొయ్య నుంచి విడదీసి, పేరున్న ఒక వర్క్‌షాపుకు తీసుకువెళ్లాను. అక్కడి యజమాని నా మాట పూర్తిగా వినకుండానే కుర్రవాడి చేతికి పెద్ద సుత్తి ఇచ్చాడు. పది దెబ్బలకు పిన్ను కదలలేదు సరికదా, దాని కొస పుట్టగొడుగులా విచ్చుకుని, రంధ్రం కన్నా లావైపోయింది. "గ్యాస్ పెట్టి కాల్చరా" అన్నాడు. నేను అడ్డుపడ్డాను. గట్టిపరచిన అల్యూమినియం 200 డిగ్రీలు దాటి వేడెక్కితే ఆ గట్టిదనాన్ని కోల్పోతుందనీ, ఎర్రబడి హెచ్చరించే లోహం కాదనీ చెప్పబోయాను. ఆయన పదిమంది ముందు, "బొమ్మ పడవకు ఇంత చదువెందుకండీ, తూకానికి వేసేయండి" అని నవ్వి, పాడుచేసిన పనికి కూలి కూడా తీసుకున్నాడు. తెచ్చిన వస్తువు ఏమిటో అడగకుండా సుత్తి ఎత్తేవాడికి, ఎంత పేరున్నా, మీ సామాను ఇవ్వకండి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు మా మామయ్యను పిలిచాను. పొలాల్లో ఆయిల్ ఇంజిన్లు బాగుచేస్తూ నలభై ఏళ్లు గడిపిన మనిషి ఆయన. వస్తూనే, "దీన్ని కొట్టిందెవరురా?" అన్నాడు. పిన్ను కొసను ఆకురాయితో అరగదీసి మళ్లీ రంధ్రమంత సన్నం చేయడానికే ఆ పూటంతా పట్టింది. తరువాత మూడు రోజులు ఒకే పని: తుప్పు వదిలించే నూనె పోయడం, పాదం మీద మరుగుతున్న నీళ్లు పోయడం, చల్లారాక మళ్లీ నూనె పోయడం. డిగ్రీ వేడికి మీటరు పొడవున అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగితే ఇటువంటి స్టెయిన్‌లెస్ స్టీలు 16, 17 మైక్రాన్లే సాగుతుంది. అందువల్ల రెండూ కలిసి వేడెక్కినా, రంధ్రానికీ పిన్నుకూ మధ్య కంటికి ఆనని సందు తెరుచుకుంటుంది. ఆ సందుకు తెల్లటి పెచ్చు చిట్లుతుంది, చల్లారేటప్పుడు నూనె లోపలికి దిగుతుంది. మరిగే నీరు వంద డిగ్రీలు దాటదు గనుక లోహానికి ప్రమాదం లేదు.

"తోయకు, ముందు తిప్పు" అనేది మామయ్య మాట. పిన్ను కొసకు పైపు పానా పట్టించి వెంట్రుకవాసి అటూ ఇటూ ఆడిస్తూ ఉండగా నాలుగో రోజు ఉదయం కిర్రుమని చప్పుడు చేసి అది తిరిగింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. అప్పుడు కూడా సుత్తి ముట్టనివ్వలేదు. ఒకవైపు పిన్ను దిగడానికి ఖాళీ గొట్టం ముక్క ఆనించి, రెండోవైపు నుంచి సీ క్లాంపును (మరతో బిగించే సి ఆకారపు పట్టును) కొద్దికొద్దిగా బిగిస్తే పిన్ను మెల్లగా బయటికి వచ్చింది. రంధ్రం శుభ్రం చేసి, లేత్ మీద ఉప్పునీటిని బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో కొత్త పిన్ను చేయించి, దట్టంగా గ్రీజు పూసి అమర్చాం.

కొయ్య నిలబెట్టడం అరగంట పని. పైన కరెంటు తీగలు లేని చోటు చూసుకున్నాం, కొయ్యను రెండు పక్కలా పట్టి ఉంచే స్టీలు తాళ్లు రెండూ ముందే తగిలించాం, ఒకరు ఎత్తుతూ ఉంటే ఇద్దరం ముందు తాడు లాగాం. మామయ్య ఒడ్డునే కూర్చుని, పాదం మీద నుంచి చూపు తిప్పలేదు.

ఎడమవైపు తాడు బిగువు సవరించే పిన్ను ఒకటి ఇంకా పట్టేసే ఉంది. దానికి నిన్న రాత్రే నూనె పోశాను.